పైసా ఖర్చు లేని మిక్సింగ్ యూనిట్

విజయదశమి రాత్రి ప్రొద్దుటూరులో తొట్టి మెరవణి ఊరేగింపు సాగుతుంటే అమ్మవారికి మొక్కే చేతులెన్నో, ఫోన్లు పట్టుకుని పైకి లేచే చేతులూ అన్నే. దసరా అంటే మైసూరు తర్వాత మా ఊరే అని ప్రొద్దుటూరు వాళ్లు గట్టిగా చెప్పుకుంటారు. ఈ ఉత్సవాల మీద 2024లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. మామూలు జనం ఫోన్లలో మిగిలేది మాత్రం వేరు. పది సెకన్లవి కొన్ని, రెండు నిమిషాలవి కొన్ని, అడ్డంగా తీసినవి, నిలువుగా తీసినవి, మధ్యలో ఎవరి భుజమో అడ్డం వచ్చినవి, అన్నీ కలిపి యాభై అరవై ముక్కలు. దీపావళి నాటికి ఫోన్ నిండిపోయిందన్న హెచ్చరిక వస్తుంది. ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో తేలక అన్నీ అలాగే పడి ఉంటాయి.

ఆ ముక్కల్ని బెంగళూరులో ఉన్న తమ్ముడో, అమెరికాలో ఉన్న కూతురో చివరిదాకా చూసే మూడు నిమిషాల వీడియోగా కూర్చడానికి ఇప్పుడు రూపాయి పెట్టనక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్, ఉచిత సాఫ్ట్‌వేర్, ఒకటి రెండు సాయంత్రాల ఓపిక ఉంటే చాలు. కొత్తవాళ్లు తడబడేది సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు. ముక్కల్ని ఏరుకోవడంలో, శబ్దంలో, తెలుగు అక్షరాల్లో, పాటల హక్కుల్లో.

స్టూడియో దాటి ఇంట్లోకి

మన ఊళ్లలో ఎడిటింగ్‌ను మిక్సింగ్ అంటారు. వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలంలో ఒక వీసీఆర్‌లో టేపు నడుపుతూ, కావలసిన చోట్లను మరో వీసీఆర్‌లోకి ఎక్కించేవాళ్లు. మధ్యలో ఒక దృశ్యం పొడవైందని తర్వాత తోస్తే అక్కడినుంచి మళ్లీ ఎక్కించుకోవలసిందే. తాళి కట్టే ఘట్టం చుట్టూ హృదయాకారాలు, పూలవాన లాంటి ఎఫెక్టులు అప్పటివే. కంప్యూటర్లు వచ్చాక ఎడియస్ లాంటి ప్యాకేజీలు స్టూడియోల్లోకి చేరాయి. పని సులువైంది గానీ స్టూడియో గడప దాటలేదు. "అన్నా, మా క్యాసెట్టు ఎప్పుడిస్తావు?" అని పెళ్లివారు తిరిగిన కాలం నిన్నమొన్నటిదే.

అంతకు ముందు సంగతి ఇంకా కష్టం. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో పుట్టిన బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' తీసిన 1951 నాటికి ఎడిటింగ్ అంటే నిజంగా కత్తిరింపే. సెకనుకు 24 బొమ్మల చొప్పున పరుగెత్తే 35 ఎంఎం ఫిల్ములో వెయ్యి అడుగుల రీలు దాదాపు 11 నిమిషాలు వస్తుంది. ఆ రీలును కోసి, అంటించి, మళ్లీ నడిపి చూసేవాళ్లు. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న బి.ఎన్.కూ, 1986 సంవత్సరానికి అదే పురస్కారం అందుకున్న ఆయన తమ్ముడు, విజయా సంస్థల అధినేత నాగిరెడ్డికీ కడప జిల్లాయే పుట్టినిల్లు. వాళ్ల తరంలో కోత తప్పితే ఫిల్ము పోయినట్టే. ఈ రోజు కంప్యూటర్‌లో ఎన్నిసార్లు కోసినా అసలు ఫైలు చెక్కు చెదరదు. కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే కోసింది మళ్లీ అతుక్కుంటుంది.

ఏది ఎంచుకోవాలి?

ఉచితంగా దొరికే ఎడిటర్లలో మూడు పేర్లు ముందుగా చెప్పుకోవాలి. ఓపెన్‌షాట్‌ను అమెరికాలోని టెక్సస్‌కు చెందిన జొనాథన్ థామస్ 2008లో మొదలుపెట్టాడు. మొదటిసారి టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చే పట్టీ) చూసేవారికి అది తేలిక. కేడెన్‌లైవ్ 2002లో పుట్టింది. పనిముట్లు ఎక్కువ, అలవాటు పడటానికి సమయమూ కొంచెం ఎక్కువే. ఈ రెంటికీ మధ్యలో నిలిచేది షాట్‌కట్. దీన్ని తీర్చిదిద్దుతున్న డాన్ డెనెడీ, కేడెన్‌లైవ్‌కు కూడా ఆధారమైన ఎంఎల్‌టీ అనే వీడియో యంత్రాంగాన్ని తయారుచేసినవారిలో ఒకడు. ఈ మూడూ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తాయి. వీటి సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. వాటర్‌మార్క్ పడదు, గడువు ముగియదు.

ధర లేనివి ఇంకా ఉన్నాయి. బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ 2009లో కొన్న డావిన్చీ ఈరోజు రిజాల్వ్ పేరుతో సినిమా వాళ్ల రంగుల దిద్దుబాటుకు పేరు మోసింది. దాని ఉచిత వెర్షన్ అల్ట్రా హెచ్‌డీ వరకూ వీడియో ఇస్తుంది. కానీ దానికి బలమైన గ్రాఫిక్స్ కార్డు కావాలి, సోర్స్ కోడ్ మాత్రం కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఫోన్‌లోనే పని ముగించాలనుకునేవారికి గూగుల్ 2023లో భారత్ సహా కొన్ని దేశాల్లో విడుదల చేసిన యూట్యూబ్ క్రియేట్ యాప్ ఉంది.

యాప్‌ను మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్ సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు, ఎందరో ఎడిటింగ్‌కు వాడుతున్న వివావీడియో కూడా ఆ జాబితాలో ఉంది. అంతకు ముందు 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ మూవీ మేకర్‌ను ఆపేసింది. విండోస్‌తో పాటే వచ్చిన ఆ చిన్న ఎడిటర్‌తో స్కూలు వార్షికోత్సవాల వీడియోలు చేసుకున్నవాళ్లు వేరేది వెతుక్కోవలసి వచ్చింది. కోడ్ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఒక సంస్థ వదిలేసినా మరొకరు అందుకోవచ్చు. మన కంప్యూటర్‌లో ఉన్న కాపీని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

కంప్యూటర్ ఎంత పాటిదై ఉండాలన్నది తర్వాతి ప్రశ్న. షాట్‌కట్ వాళ్ల లెక్కలో హెచ్‌డీ వీడియోకు 8 జీబీ ర్యామ్, 4కె అయితే 16 జీబీ కావాలి. ఇంజినీరింగ్ చదివే పిల్లల దగ్గర ఉండే ల్యాప్‌టాప్ హెచ్‌డీ పనికి సరిపోతుంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే పోర్టబుల్ రూపమూ దీనికి ఉంది.

ప్రొద్దుటూరు: అరవై ముక్కల్లోంచి మూడు నిమిషాలు

దసరా వీడియోను షాట్‌కట్‌లో కూర్చడమే ఉదాహరణగా తీసుకుందాం. మొదటి పని ఎడిటర్ తెరవడం కాదు. హార్డ్‌డిస్క్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, ఫోన్‌లోని క్లిప్పులన్నీ అందులోకి కేబుల్‌తో కాపీ చేసుకోవాలి. వాట్సాప్‌లో పంపించుకుంటే నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్ రూపంలో పంపితే మాత్రం 2 జీబీ వరకూ ఫైలు ఉన్నదున్నట్టే చేరుతుంది. ఫోన్లలో సాధారణంగా వచ్చే 1080 వీడియో నిమిషానికి 130 ఎంబీ దాకా తింటుంది. పది నిమిషాల ఫుటేజీకే జీబీ దాటుతుందన్నమాట.

ఈ ఫోల్డర్‌ను మధ్యలో జరపకూడదు, పేరు మార్చకూడదు. షాట్‌కట్ సేవ్ చేసే ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ క్లిప్ ఎక్కడుందో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో రాసిన చిరునామాల చీటీ లాంటిది అది. ఇల్లు మారితే చీటీ పనికిరాదు. 'నిన్న చేసిందంతా పోయింది' అని కొత్తవాళ్లు కంగారు పడే సందర్భాల్లో చాలావరకు పోయింది వీడియో కాదు, దాని చిరునామా.

రెండో పని ఏరడం. క్లిప్పులన్నీ ఒకసారి చూస్తూ మంచివి ప్లేలిస్ట్‌లోకి లాగాలి. మంచిదంటే అందంగా వచ్చిందని కాదు, ఏదో ఒకటి చెబుతుందని. అలంకారం చూపేది ఒకటి, దీపాల వరుసల్ని దూరం నుంచి చూపేది ఒకటి, మేళం వాయించే చేతులు, తండ్రి భుజాల మీద కూర్చుని చూస్తున్న పిల్లవాడి ముఖం, అరటిపండు కొబ్బరిచిప్ప అందుకుంటున్న చేతులు. ఒకే అలంకారాన్ని నాలుగు సార్లు తీసి ఉంటే ఒక్కటే ఉండాలి. అరవైలో ఇరవై మిగిలితే పని సగం అయినట్టే.

ఇక కోత. షాట్‌కట్‌లో క్లిప్‌ను టైమ్‌లైన్ మీదికి లాగి, స్పేస్ బార్‌తో నడిపించి, అవసరమైన చోట ఎస్ నొక్కితే అది రెండు ముక్కలవుతుంది. అక్కర్లేని ముక్కను ఎంచుకుని ఎక్స్ నొక్కితే అది పోయి, వెనకవి ముందుకు జరిగి ఖాళీ పూడుతుంది. ఎక్స్ బదులు జెడ్ నొక్కితే ముక్క పోతుంది గానీ ఖాళీ అలాగే ఉంటుంది. కింద సంగీతం పరుచుకుని, పై దృశ్యాలు కదలకుండా ఉండాలంటే జెడ్. ఈ మూడు మీటలతో మామూలు వీడియో పనిలో ఎక్కువ భాగం గడిచిపోతుంది. ఒక క్లిప్ చివరను పక్క క్లిప్ మీదికి కొద్దిగా జరిపితే ఒకటి మరొకదానిలో కరిగే డిజాల్వ్ దానంతటదే పడుతుంది. ఎఫెక్టుల జాబితాలో ఇంకా డజన్ల కొద్దీ ఉంటాయి. వాటి జోలికి పోకపోతే వీడియోకు మేలే జరుగుతుంది.

ఫోన్ వీడియోలతో వచ్చే చిక్కు ఒకటుంది. చాలా ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు బొమ్మల సంఖ్యను హెచ్చుతగ్గులు చేస్తూ తీస్తాయి. అలాంటి ఫైలు ఎడిటర్‌లో నిమిషం గడిచేసరికి మాటకూ పెదవికీ పొంతన తప్పవచ్చు. షాట్‌కట్ ఈ ఫైళ్లను గుర్తించి, ఎడిటింగ్‌కు అనువుగా మార్చుకోమంటుంది. కాదనకుండా మార్చుకుంటే మంచిది. కంప్యూటర్ మరీ నెమ్మదిగా ఉంటే ప్రాక్సీ సౌకర్యం వాడుకోవచ్చు. ఎడిట్ చేసేటప్పుడు చిన్న సైజు నకళ్లతో పని జరిగి, చివర ఎగుమతి మాత్రం అసలు ఫైళ్లతోనే అవుతుంది.

దసరా దీపాల వీడియోల్లో వెలుగు వణుకుతూ, నల్లని పట్టీలు పాకుతూ కనిపించడం చాలామందికి అనుభవమే. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. దాంతో చాలా రకాల లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 పెట్టి తీస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. తీసేటప్పుడు వదిలేస్తే ఎడిటర్‌లో సరిచేయడం కష్టం.

గండికోట: కంటికి విందు, చెవికి హోరు

జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండల మధ్య పెన్నా కోసుకుంటూ పోయిన లోయ పక్కన గండికోట ఉంది. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం, వాటి వెనక ఎర్రరాతి గండి. ఎక్కడ ఫోన్ పెట్టినా బొమ్మ బాగానే వస్తుంది. అందుకే ఇక్కడి వీడియోల్లో ఎక్కువ వాటిది ఒకటే జబ్బు. ఫోన్‌ను ఎడమనుంచి కుడికి, మళ్లీ కుడినుంచి ఎడమకు తిప్పుతూ తీసిన పొడుగాటి షాట్లు. రెండు తిప్పుడు షాట్లను పక్కపక్కన అతికిస్తే చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. కదలకుండా పది సెకన్లు పట్టిన షాట్లు ఐదారు ఉంటే వాటి మధ్య ఒక్క తిప్పుడు షాట్ అందంగా ఇముడుతుంది. లోయ ఎంత పెద్దదో తెలియాలంటే అంచున ఒక మనిషి కనిపించే షాట్ కావాలి. ఆ మనిషి అంచుకు తగినంత దూరంలోనే నిలబడాలని వేరే చెప్పనక్కర్లేదు.

అసలు ఇబ్బంది గాలి. లోయ అంచున ఫోన్ మైకులో గాలి హోరు తప్ప మాట వినిపించదు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే పక్కకు జరిపేస్తారు. కొన్ని వందల రూపాయలకు దొరికే కాలర్ మైకుకు స్పాంజి తొడుగు పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. మిగిలిన హోరులో ఎక్కువ భాగం లోతైన శబ్దాల్లోనే ఉంటుంది. హై పాస్ ఫిల్టర్ పెట్టి 100 హెర్ట్జ్ దిగువ శబ్దాలను కోసేస్తే గొంతు పెద్దగా చెడకుండా గాలి తగ్గుతుంది. ఇంకా శుభ్రం కావాలంటే 2000లో తొలిసారి విడుదలై నేటికీ ఉచితంగానే ఉన్న ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది. అది పనిచేయడానికి మాటల్లేని రెండు మూడు సెకన్ల చప్పుడు నమూనాగా ఇవ్వాలి. కాబట్టి తీసేటప్పుడే కాసేపు మౌనంగా రికార్డు చేసి పెట్టుకోవాలి. అదీ కుదరకపోతే కోటలో దృశ్యాలు మాత్రమే తీసుకుని, వ్యాఖ్యానం ఇంటికొచ్చాక తలుపులు వేసుకుని చెప్పడం మేలు. ఫ్యాన్ ఆపడం మరవకూడదు.

డ్రోన్ ఉన్న కుర్రాళ్లకు ఒక మాట. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. దాని మీద డ్రోన్ ఎగరేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపు వాటికి కొన్ని మినహాయింపులున్నా, రక్షిత కట్టడాల దగ్గర వాటిని చూపి తప్పించుకోలేరు.

పులివెందుల: చీనీ అంటు, రెండు నిమిషాల్లో

వేడుకా విహారమే కాదు, పని నేర్పే వీడియోలకూ గిరాకీ ఉంది. పులివెందుల చుట్టుపక్కల అరటి, చీనీ (బత్తాయి) తోటలు ఎక్కువ. చీనీ మొక్క తయారీలో రంగపూర్ నిమ్మ వేరుమూలం మీద మొగ్గ అంటు కట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. దీన్ని వీడియోగా చూపాలనుకున్న రైతు ఎలా కూర్చాలి?

మూడు దూరాల నుంచి తీసిన షాట్లు కావాలి. నర్సరీ అంతా కనిపించేది, మనిషీ మొక్కా కనిపించేది, కత్తీ మొగ్గా మాత్రమే కనిపించేది. చేయి కదులుతుండగా దూరపు షాట్ నుంచి దగ్గరి షాట్‌కు మారితే కోత కంటికి తెలియదు. ఇక ఎక్కడ నిదానించాలి, ఎక్కడ పరుగెత్తాలి అన్నది పని తెలిసినవాడే తేల్చగలడు. బెరడును టీ ఆకారంలో చీల్చి మొగ్గను లోపలికి జొప్పించే ఘట్టం పదిహేను సెకన్లే అయినా ఒక్క సెకను కూడా కోయకూడదు. తర్వాత పాలిథీన్ పట్టీ చుట్టడం నిమిషం పట్టినా ఆ క్లిప్ వేగం నాలుగింతలు చేసి పావు నిమిషంలో ముగించవచ్చు. స్టూడియో మనిషికి ఈ తేడా తెలియదు, మొత్తం ఒకే లెక్కన కుదించేస్తాడు. రైతు తానే ఎడిట్ చేసుకోవడంలో లాభం ఇక్కడ ఉంది.

వ్యాఖ్యానం టీవీ భాషలో ఉండాలన్న నియమం లేదు. తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన యూట్యూబ్ ఛానల్ 'మై విలేజ్ షో', అందులో కనిపించే గంగవ్వ, ఊరి మాటతోనే తెలుగువాళ్లందరికీ చేరువయ్యారు. కడప యాసలో చెప్పే చీనీ పాఠం కడప రైతుకు ఇంకా బాగా ఎక్కుతుంది.

వీడియో ఫోన్‌లో చూసేవారికే అయితే నిలువుగా చేసుకోవచ్చు. షాట్‌కట్‌లో వీడియో మోడ్‌ను వెర్టికల్‌గా పెడితే 1080 వెడల్పు, 1920 ఎత్తు వస్తాయి. యూట్యూబ్ షార్ట్స్ 2020 సెప్టెంబరులో మొదట పరీక్షించింది మన దేశంలోనే. అప్పట్లో నిమిషం లోపే ఉండాల్సిన ఆ వీడియోలకు 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా అవకాశం ఇచ్చారు. ఈ పాఠానికి అది చాలు.

అక్షరాలు ఎందుకు విరుగుతాయి?

వీడియో మీద తెలుగులో పేరు వేయబోతే పిచ్చి గీతలు రావడం మరో పాత బాధ. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైప్ చేసిన మాటను ఎడిటర్‌లో అతికిస్తే అర్థం లేని గుర్తులే వస్తాయి. అవి యూనికోడ్ కావు. ఫోన్‌లో వాట్సాప్‌కు వాడే తెలుగు కీబోర్డు యూనికోడే కాబట్టి, దాంతో టైప్ చేసిన మాట సరిగ్గా వస్తుంది.

ఫాంట్లకూ కొదవ లేదు. సిలికానాంధ్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చొరవతో విడుదలైన యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. రామభద్ర, సురవరం, ధూర్జటి, మండలి, గురజాడ, పొన్నాల వాటిలో కొన్ని. కడప జిల్లాలోని కోకటం అగ్రహారం పొందిన అల్లసాని పెద్దన పేరిట కూడా ఒకటుంది. టైటిల్‌కు రామభద్ర లాంటి లావు అక్షరాలు, కింద వివరాలకు మండలి లాంటి సాదా అక్షరాలు నప్పుతాయి. అప్పటికీ ఒత్తులు విరిగితే ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో టైటిల్ రాసి, వెనక భాగం పారదర్శకంగా ఉండే పీఎన్‌జీ బొమ్మగా తీసి, పై ట్రాక్‌లో పెట్టుకోవచ్చు. బొమ్మలో ఉన్న అక్షరాన్ని ఏ ఎడిటరూ చెరపలేదు.

పాత పాటే కదా అనుకుంటే

కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది పాటల్లో. నచ్చిన సినిమా పాట కింద పెట్టి యూట్యూబ్‌లోకి ఎక్కిస్తే కంటెంట్ ఐడీ వ్యవస్థ దాన్ని పట్టేస్తుంది. ఆ వీడియో మీద వచ్చే ఆదాయం హక్కుదారుకు పోవచ్చు, కొన్నిసార్లు వీడియోయే ఆగిపోవచ్చు. పాత పాట పెడితే ఫర్వాలేదన్న నమ్మకమూ సరికాదు. మన చట్టం ప్రకారం సినిమాకూ, సౌండ్ రికార్డింగ్‌కూ విడుదలైన తర్వాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ లెక్కన 'మల్లీశ్వరి' గడువు 2011తో ముగిసింది. పాట సాహిత్యం, బాణీ వేరే ఆస్తులు. వాటికి కర్త మరణించాక మరో 60 ఏళ్లు. ఆ సినిమా పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో కన్నుమూశారు గనుక ఆయన సాహిత్యానికి 2040 దాకా, వాటికి సంగీతం కట్టి 1999లో వెళ్లిపోయిన సాలూరి రాజేశ్వరరావు బాణీలకు 2059 దాకా గడువుంది.

దారులు లేకపోలేదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం బోలెడంత ఉంది. కొన్నింటికి కర్త పేరు వివరాల్లో రాస్తే చాలు. ఇంకా మంచిది, వీడియో తీసిన చోటే వినిపించిన నాదస్వరం, డప్పు, గుడిగంట విడిగా నిమిషం పాటు రికార్డు చేసి తెచ్చుకోవడం. వాయించినవారిని అడిగి తీసుకున్న ఆ చప్పుడులో ఊరు తెలుస్తుంది.

బయటికి పంపే ముందు

కూర్పు అయ్యాక ఎగుమతి చేయాలి. షాట్‌కట్‌లో యూట్యూబ్ అనే సెట్టింగ్ ఎంచుకుంటే హెచ్.264 పద్ధతిలో ఎంపీ4 ఫైలు వస్తుంది. ఫోన్, టీవీ, కంప్యూటర్ మూడింటిలోనూ అది ఆడుతుంది. ముందుగా ఇంట్లో ఒకరికి ఫోన్‌లో చూపించి, వాళ్లు ఎక్కడ స్క్రీన్ మీదినుంచి కళ్లు తిప్పారో గమనిస్తే ఇంకా ఏం కోయాలో తెలుస్తుంది.

తొట్టి మెరవణి, గండికోట ధాన్యాగారం, చీనీ అంటు లాంటివి తెలుగు వికీపీడియా వ్యాసాలకూ పనికొస్తాయి. అందుకు వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించాలి. అక్కడ ఎంపీ4 తీసుకోరు, వెబ్ఎం కావాలి. షాట్‌కట్ ఎగుమతి జాబితాలోనే అదీ ఉంది. కామన్స్‌లో పెట్టిన వీడియోను పేరు చెప్పి ఎవరైనా, వ్యాపారానికి కూడా, వాడుకోవచ్చన్న షరతుకు ఒప్పుకోవాలి. అందుకే ఊరి ఉత్సవం, కోట, తోట అక్కడికి. పిల్లల ముఖాలూ పెళ్లి పందిరీ కుటుంబం గ్రూపులోకి.